నాకంటే ముందు పడిపోయే ఒళ్ళు

కాశ్మీర్ సరిహద్దు కొండ మీది పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నమే చీకటి కమ్మింది. మంచు అడ్డంగా కొడుతోంది. కంచరగాడిదలు కిందే ఆగిపోయాయి. రైఫిల్, పరుపుచుట్ట, కిరోసిన్ డబ్బా మోసుకుంటూ చివరి ఎత్తు నడిచే ఎక్కాం. సత్యవేడు ఎండలో వేరుశనగ పీకి పెరిగినవాణ్ణి. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. తొంభైల చివరి రోజులవి. అవతలి నుంచి గుండ్లు పడని వారం ఉండేది కాదు.

బంకర్‌లో హవల్దార్ ఇచ్చిన మొదటి ఆదేశం: "ఆలోచించొద్దు. పడిపో."

రేడియో ఆపరేటర్‌ది పీలేరు. నా యాస వినగానే హెడ్‌ఫోన్ తీసి నవ్వాడు.

"యాడప్పా మనది?"

"సత్యవేడు."

"అయితే ఇను. గుండు ఈల మాదిరి వినిపించిందంటే అది మనల్ని దాటి పోతా ఉండాదని. దగ్గర పడేది అంత టైమియ్యదు. నువ్వు అనుకునేలోపే ఒళ్ళు నేల మీదుండాల."

హవల్దార్ రోజూ సాధన చేయించాడు. రేకు డబ్బా మీద కర్రతో కొట్టేవాడు. చేతిలో ఏముంటే అది వదిలేసి పడాలి. వేడి టీ ఒంటి మీద ఒలికినా పడాలి. చలికాలం గడిచేసరికి నేను పడడం మానేశాను. ఒళ్ళే పడేది.

ఒక పొద్దున నీళ్ళ కోసం మంచు తవ్వడానికి బయటికి వచ్చాను. ఆ తర్వాత గుర్తున్నది నోట్లో మన్ను. లేచి చూస్తే నా తల ఉండాల్సిన ఎత్తులో, ఇసుక మూటలో ఇనుప ముక్క దిగి ఉంది. మూట పొగలు కక్కుతోంది. బంకర్ గుమ్మంలో ఆపరేటర్ రేడియోలో కింది పోస్టుకు "అందరూ క్షేమం" అని చెప్పి నా వైపు తిరిగాడు.

"పేలకముందే పడినావబ్బా నువ్వు!"

"నాకేం వినపడలా."

"నీ ఒంటికి వినపడింది."

ఆ ఒంటితోనే ఇంటికి వచ్చాను.

సర్వీసు ముగిశాక, బడి బట్టలు కొనడానికి కూతుర్ని వెంటబెట్టుకుని తిరుపతి వెళ్ళాను. బస్టాండు బయట లారీ టైరు పేలింది. తెలివి వచ్చేసరికి సిమెంటు నేల మీద ఉన్నాను. పాప నా కింద ఉంది. ఆరేళ్ళ పిల్ల. మెడ కింది ఎముక విరిగింది.

చుట్టూ జనం. "తాగినాడేమో సూడు" అన్నారెవరో. "మిలిటరీ ఆయనంట" అన్నాడు ఆటో డ్రైవర్. "మిలిటరోడికి టైరంటే బయమా?" అన్నాడింకొకడు.

భయపడడానికి నాకు వ్యవధి ఎక్కడిది? ఎవరికి చెప్పను?

పాపకు కట్టు కట్టిన ఆసుపత్రిలోనే నన్ను మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు.

"అది తిరుపతి బస్టాండని నాకు తెలుసు మేడమ్. నేను పిచ్చోణ్ణి కాను."

"కాదు. మీకు తెలుసు. మెదడు లోపల బాదంగింజంత ముక్క ఒకటుంది, అమిగ్డాలా అంటాం. దానికి తెలీదు. శబ్దం ఆలోచించే భాగానికి చేరేలోపే అడ్డదోవలో దాన్ని చేరిపోతుంది. అది ఆర్డరేస్తుంది. గుండెదడ, చెమట, పడిపోవడం, అన్నీ అయ్యాక మీకు కబురొస్తుంది."

"అదంతా ఎప్పటిదో అని దానికి తెలీదా?"

"ఎక్కడ, ఎప్పుడు అని గుర్తుంచుకునే భాగం పక్కనే ఉంది. హిప్పోకాంపస్. విపరీతమైన భయంలో అది సరిగా పనిచెయ్యదు. అందుకే ఆ శబ్దం ఇప్పుడే, ఇక్కడే అనిపిస్తుంది. ఇలాంటి భాగాలన్నీ కలిపితే లింబిక్ వ్యవస్థ."

"తీసెయ్యండి."

ఆమె నవ్వలేదు. "మీ పాప మీద ప్రేమకూ ఆ భాగాలే కావాలి. ఆ బాదంగింజకు మాటలతో నచ్చజెప్పలేం. పాతది చెరగదు. దాని మీద కొత్తది నేర్పించాలి. శబ్దం రావాలి, ఏమీ కాకూడదు. మళ్ళీ మళ్ళీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. హవల్దార్ మాట విన్నది నా మాట వినదట. నా ప్రాణం నిలబెట్టిందీ అదే, నా బిడ్డ ఎముక విరిచిందీ అదే. కోపం ఎవరి మీద తీర్చుకోను?

మాత్రలు మింగాను. సత్యవేడులో బావమరిది టైర్ల షాపులో రోజూ కూర్చున్నాను. ఇనుప రిమ్ము మీద సుత్తి పడినప్పుడల్లా బల్ల అంచు పట్టుకునేవాణ్ణి. వారమంతా బాగుండేది. ఇక గెలిచాననుకున్న రోజే బల్ల కింద తేలేవాణ్ణి. మా అమ్మ దిష్టి తీసింది. నా భార్య ఓపిక పట్టి పట్టి ఒకరోజు అడిగేసింది.

"ఇంగా ఎన్నాళ్ళయ్యా ఇది?"

"దీన్నడుగు!" అని నెత్తి కొట్టుకుంటూ అరిచాను.

మరుసటి ఏడు ఆడికృత్తిక పండక్కి మొక్కుకున్నవాళ్ళ కావడ్ల ఊరేగింపు మా వీధిలోకి వచ్చింది. పాప చెయ్యి పట్టుకుని గడపలో నిలబడ్డాను. ఒకతను వంగి టపాకాయల సరానికి అగరొత్తి అంటించాడు. గుండె అదిరింది. చొక్కా తడిసింది. మోకాళ్ళు మాత్రం వంగలేదు. చివరి టపాకాయ దాకా నిలబడ్డాను.

"సూసినావా పాపా!" అంటూ పక్కకు తిరిగాను.

నా చేతిలో చెయ్యి లేదు. ఎప్పుడు విడిపించుకుందో తెలియలేదు. తను అనుకుని వెళ్ళి ఉంటుందని నేననుకోను.

కొండ మీద చూసినవి చాలావరకు మసకబారాయి. ఇది పోదు. నా పాప ఎదురింటి గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. టపాకాయల వైపు చూడడం లేదు. అతుక్కున్న ఎముకను అరచేత్తో కప్పుకుని, నా వైపే చూస్తోంది.