ఓదెలు తలలో లాకౌట్

2007 జూన్‌లో నన్ను గోదావరిఖనికి వేశారు. వేశారు అనడం మర్యాద కోసం. నిజానికి మా డైరెక్టరుతో నెలల తరబడి పోట్లాడి నేనే వేయించుకున్నాను. అప్పుడు హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో నాది సైంటిస్ట్-సి హోదా. సొంతంగా ప్రాజెక్టు అడిగే అర్హత ఉంటుంది, ఇవ్వకపోతే గట్టిగా అడిగే అర్హత కాగితం మీద ఉండదు. ఆ లోటు నేను నోటితో పూడ్చుకునేదాన్ని.

నా పని మెదడులోని రిసెప్టర్ల మీద. మనిషి చెయ్యి ఎత్తాలన్నా, నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరగాలన్నా మెదడు లోతుల్లో డోపమీన్ అనే రసాయనం ఒక కణం నుంచి విడుదలై ఇంకో కణం మీదికి చేరాలి. అక్కడ దాన్ని అందుకునే చోట్లే రిసెప్టర్లు. డోపమీన్ తగ్గితే మనిషి బిగుసుకుపోతాడు, నెమ్మదిస్తాడు, వణుకుతాడు. దాన్నే పార్కిన్సన్స్ జబ్బు అంటారు. అప్పటిదాకా నేను రిసెప్టర్లను చూసింది ఎలుక మెదడు ముక్కల్లోనే, ఫిల్ము మీద నల్లటి మచ్చలుగా. మనుషుల్లో చూడాలని నా పట్టుదల. భూగర్భ గనుల్లో పేలుడు పొగలు, విషవాయువులు ఏళ్ల తరబడి పీల్చినవారిలో ఈ రిసెప్టర్లే దెబ్బతింటాయేమో అన్నది నా ఊహ. "బొగ్గు తవ్వితే మెదడు దొరుకుతుందా?" అని డైరెక్టరు ఎకసెక్కం ఆడారు. హైదరాబాదులో కూర్చుంటే అసలే దొరకదని నేనన్నాను.

గోదావరిఖనిలో డాక్టర్ రంగారావు గారి నర్సింగ్ హోమ్ మేడ మీద ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఆయన జనరల్ మెడిసిన్ ఎం.డి., ఊళ్లో చేయి తిరిగిన వైద్యుడు. నేను పీహెచ్‌డీ డాక్టర్ని. నా పేరు ముందు డాక్టర్ ఉన్నా తలనొప్పి మాత్ర రాసే అధికారం కూడా నాకు లేదు. కాబట్టి పద్ధతి ఏమిటంటే, కదలికల జబ్బుతో వచ్చినవారిని ఆయన పైకి పంపాలి. నేను వేళ్లు ఆడించమని, నడిచి వెనక్కి తిరగమని, సంతకం పెట్టమని చెప్పి అన్నీ వీడియో తీయాలి. మందులు మార్చాల్సి వస్తే నేను నోరు నొప్పి పుట్టేలా వాదించాలి, ఆయన సంతకం పెట్టాలి.

వానలు మొదలయ్యాక ఓదెలు వచ్చాడు. నలభై దాటిన మనిషి, టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దన్నులు నిలబెట్టడం అతని పని. కప్పులో చప్పుడు తేడాగా వినిపించిన మరుక్షణం తాను తప్పుకోవాలి, పక్కవాళ్లను తప్పించాలి. అలాంటి మనిషి కుర్చీలోంచి లేవడానికి మూడోసారి ప్రయత్నిస్తున్నాడు. ముఖంలో ఏ కదలికా లేదు, రెప్ప పడదు, నడిస్తే చేతులు ఊగవు. గొంతు ఎంత సన్నబడిందంటే చెవి దగ్గర పెడితే గాని వినపడదు. స్కూటరు మీద తీసుకొచ్చినవాడు అతని గ్యాంగులోని రహీం.

"మేడం, మావోని మాట బయటికి రావాల్నంటే బ్యాటరీ మార్చాలె," అన్నాడు రహీం.

దసరా తర్వాత ఓదెలు మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. బోర్డు శాశ్వతంగా అన్‌ఫిట్ అని రాసిందంటే ఇక గనిలోకి దిగడం ఉండదు. పైన ఏదో ఒక పని ఇస్తారు కదా అన్నాను. ఓదెలు మెల్లగా పెదవులు కదిపాడు. "పైన కూసుండుడు నాతోని గాదు మేడం. నన్ను దిగనియ్యుండ్రి, సాలు."

పరీక్షలు చేస్తుంటే ఒక తేడా కనిపించింది. పార్కిన్సన్స్ సాధారణంగా ఒక పక్క మొదలవుతుంది. ఓదెలుకు రెండు పక్కలా ఒకే తీరు. పైగా రంగారావు గారు డోపమీన్‌గా మారే మాత్రలు మొదలుపెట్టి చాలా వారాలైనా ఇసుమంత ఫలితం లేదు. డోపమీన్ అందించినా పని జరగడం లేదంటే లోపం అందుకునే చోట ఉన్నట్టే. అంటే రిసెప్టర్లు! నా ఊహ రెండు కాళ్ల మీద నడిచి (ఈడ్చుకుంటూనే అనుకోండి) నా గదిలోకే వచ్చింది. డైరెక్టరుకు ఫోన్ చేసి దొరికాడని అరిచాను. "మనిషా, పేపరా?" అని అడిగారు. రెండూ అన్నాను.

మా నియమాల ప్రకారం రోగి నడకను ఇంటి దగ్గర కూడా చిత్రీకరించాలి. ఆసుపత్రిలో నడిచే నడక వేరు, సొంత గడప దాటే నడక వేరు. ఒక ఆదివారం కెమెరా పట్టుకుని వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. ఓదెలు భార్య సరోజన చాయ్ పెట్టింది. గూట్లో రంగారావు గారి మందులు వరుసగా ఉన్నాయి. నేను అడక్కముందే ఆమె ఒక్కొక్కటీ తీసి చూపించింది. అంతా సరిగ్గానే ఉంది. ఇక వీధి చివరి నల్లా దాకా నడిచి రమ్మని ఓదెలుకు చెప్పి, నేను కెమెరాలో కన్ను పెట్టాను.

"జర ఆగుండ్రి మేడం," అంటూ సరోజన తలుపు వెనక మేకుకు తగిలించిన డ్యూటీ సంచిలో చెయ్యి పెట్టింది. తంబాకు డబ్బా పక్కకు జరిపి, ఒక పట్టీలోంచి మాత్ర గిల్లి మొగుని నోట్లో వేసింది.

అదేమిటని అడిగాను.

"గిదా? మందు గాదు మేడం, చక్కర్‌ది. బయటికి పోయెటప్పుడు ఏస్త. లేకుంటే తూలి పడ్తడు."

కథంతా ఆ గుమ్మంలో బయటపడింది. ఒకప్పుడు, ఒక్కపొద్దు ఉండి ఖాళీ కడుపుతో దిగిన రోజు, గనిలో ఓదెలుకు కళ్లు తిరిగాయి. గ్యాంగులో ఎవరో చక్కర్ గోళీ ఇచ్చారు, తగ్గింది. కింద మళ్లీ తూలితే తనతోపాటు ఇంకొకరి ప్రాణం కూడా పోతుందన్న భయంతో ఆనాటి నుంచి షిఫ్టుకు పోయే ముందు గోళీ వేసుకోవడం అలవాటైంది. మందుల షాపులో అడిగితే ఇచ్చేవారు. బూట్లు, టోపీ, ల్యాంపు, తంబాకు, గోళీ; అన్నీ డ్యూటీ సామానే. జబ్బుపడ్డాక నడక తడబడింది. దాన్ని కూడా చక్కర్ అనే అనుకుని, గడప దాటినప్పుడల్లా ఒకటి వేయడం మొదలుపెట్టింది సరోజన. నా పరీక్షలకు వచ్చిన ప్రతిసారీ వేసుకునే వచ్చాడు! ఏమేం వాడుతున్నావని రంగారావు గారు అడిగారు, నేనూ అడిగాను. ఇద్దరికీ గూట్లోవి చెప్పారు. అడిగితే సంచి దులిపి చూపించేవాళ్లే, అందులో దాపరికం ఏమీ లేదు.

పట్టీ తిప్పి చూశాను. సినరిజిన్. తల తిరుగుడుకు వాడే ఈ మందు ఎక్కువకాలం వాడితే కొందరిలో డోపమీన్ రిసెప్టర్లను పట్టుకుని కూర్చుంటుంది. అలా పట్టుకునే మందులను మేం ప్రయోగశాలలో ఎలుకలకు ఇస్తాం. ముందుకాళ్లు చిన్న కడ్డీ మీద పెట్టి వదిలితే, దిగాలన్న ధ్యాసే లేనట్టు అవి అలాగే ఉండిపోతాయి. నా ఎదుట వీధిలో ఓదెలు, నల్లా దగ్గర వెనక్కి తిరగలేక, అచ్చం అలాగే నిలబడి ఉన్నాడు. నా ఊహ ఆ క్షణమే కూలింది. విచారించే తీరిక కూడా లేకపోయింది నాకు. పాడైన రిసెప్టరును బాగుచేయలేం, కానీ మూసుకున్నది తెరుచుకుంటుంది!

రహీం కూడా వచ్చి కూర్చున్నాడు. ముగ్గురికీ చెప్పాను. గనిలోకి మనుషులను దింపే కుర్చీల వరస ఉంటుంది కదా, మన మెదడులోనూ అలాంటి కుర్చీలున్నాయి. పార్కిన్సన్స్‌లో కుర్చీలుంటాయి, దిగే మనుషులే తగ్గిపోతారు. ఓదెలూ, నీకు మనుషులున్నారు, రంగారావు గారు ఇంకా పంపిస్తున్నారు కూడా. కానీ ఈ గోళీ ప్రతి కుర్చీలో ఒక బస్తా పెట్టింది. ఇక ఎవరు దిగుతారు, పని ఎట్లా నడుస్తుంది?

ఓదెలు ముఖం గోడలాగే ఉంది. పెదవులు మాత్రం కదిలాయి. రహీం చెవి ఆనించి విని, పడీపడీ నవ్వి మాకు చెప్పాడు. "గట్లయితే నా తలకాయల సమ్మె గాదు, లాకౌట్ అంటుండు మేడం!"

సరోజన నవ్వలేదు. "గోళీ బంద్ జేస్తే పడ్తడు. నువ్వు హైద్రాబాదు పోతవ్. పడితే లేపుడు నేను గదా?" అంది. మాత్ర ఆపమనే అధికారం నాకు లేదని, డాక్టరుగారు చెప్పేదాకా ఆగమని మాత్రం చెప్పి పట్టీతో సహా బయలుదేరాను.

రంగారావు గారు పట్టీ చూశారు. కారణం ఈ మాత్ర కావచ్చు, అయినా కింద అసలు పార్కిన్సన్స్ దాగి ఉండవచ్చు కదా అన్నారు. న్యాయమైన మాటే. ఆపి చూస్తేనే తేలుతుంది అన్నాను. అయితే తన మాత్రలు కూడా పెంచుతానన్నారు. ససేమిరా వద్దన్నాను. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది? మారిస్తే ఒక్కటే మార్చాలి.

"అమ్మా, మీరు ఎలుకల డాక్టరు. ఇది మనిషి."

"అవును సార్. ఎలుకలైతే చక్కర్ గోళీలు కొనుక్కోవు."

ఆయన కలం తీశారు. సినరిజిన్ ఆపమని రాశారు, తన మాత్రల మోతాదు కదపలేదు. రోగి పరిశీలనలో ఉన్నాడు, బోర్డు వాయిదా వేయగలరు అని ఒక లేఖ కూడా ఇచ్చారు. సరోజనను పిలిపించి స్వయంగా చెప్పారు. ఆమె ఆయన మాట విన్నది గాని, నా వైపు చూసిన చూపు మెత్తగా లేదు.

వెంటనే ఏమీ జరగలేదు. ఈ మందు ఒంట్లోంచి పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దసరా వెళ్లింది. బోర్డు ఒకసారి వాయిదా ఇచ్చింది, ఇంకోసారి ఇవ్వదని తెలిసింది. నేను వీడియోలు పక్కపక్కన పెట్టుకుని వెతికేదాన్ని. చెయ్యి కొంచెం ఊగిందా, నా కన్నే ఊపుతోందా? రంగారావు గారు మెట్ల దగ్గర ఎదురైతే ఏమీ అడిగేవారు కాదు. అడిగితే పోట్లాడవచ్చు, అదీ లేదు.

చలి మొదలైన రోజుల్లో సరోజన ఆయాసపడుతూ మేడ ఎక్కింది. పడ్డాడేమోనని లేచి నిలబడ్డాను.

"మా ఆయన తిట్టిండు మేడం!"

ఎవరిని?

"రహీమన్నను! పత్తాలాడుకుంట, దొంగాట ఆడినవ్‌రా అని ఒర్లిండు. నాలుగిండ్లకు ఇనవడ్డది! నడుమల నేను పోతే నువ్వు నోర్ముయ్యి అన్నడు నన్ను." నోర్ముయ్యి అనిపించుకున్నందుకు అంతగా వెలిగిపోయిన ముఖాన్ని నేను అంతకుముందు చూడలేదు.

కెమెరా చంకన పెట్టుకుని పరుగెత్తాను. ఆట ఇంకా నడుస్తోంది. ఓదెలు ముక్క ఎంచి, లాగి, నేలమీద ఫట్‌మని కొట్టాడు. నా గదిలో వేళ్లు కదల్చలేకపోయిన చెయ్యి! రెప్పలు పడుతున్నాయి. కోపం కళ్లలోకి, బుగ్గల్లోకి వచ్చింది.

"మేడం, లాకౌట్ ఎత్తేసిన్రు," అన్నాడు రహీం. "జర మల్ల బెట్టుండ్రి. నా ఇజ్జత్ పోతుంది."

బోర్డు జరిగిన రోజు నాకు లోపలికి ప్రవేశం లేదు, వరండాలో నిలబడ్డాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నారట, వెనకనుంచి భుజాలు పట్టి లాగి చూశారట. ఓదెలు నిలబడ్డాడు. కొంతకాలం పైన డ్యూటీ, తర్వాత మళ్లీ పరీక్ష అని రాశారు. రంగారావు గారు తన మాత్రలను మెల్లమెల్లగా తగ్గించి ఆపేశారు, జబ్బు తిరిగి రాలేదు. మరుసటి ఎండాకాలం రెండో పరీక్షలో ఫిట్ అన్నారు. ఆ వారమే అన్నం తిని, గోళీ లేకుండా తంబాకు డబ్బా ఒక్కటే ఉన్న సంచితో మొదటి షిఫ్టుకు దిగాడు.

గని వాయువులకూ రిసెప్టర్లకూ సంబంధం ఉందని చెప్పడానికి ఆ ప్రాజెక్టులో నాకు ఆధారం దొరకలేదు. నివేదికలో అదే రాశాను. డైరెక్టరుకు నచ్చలేదు, నాకు పదోన్నతి ఆలస్యమైంది. తెలంగాణ వచ్చిన ఏడాది స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నా దగ్గర చేరిన ప్రతి జూనియరుకూ ఒకటే చెప్పాను. రిసెప్టరు మూసుకుందో లేదో చూడకుండా పాడైందని రాయకండి. అది తేలాలంటే రోగిని మన గదికి పిలిపించుకుంటే చాలదు. ఇంటికి వెళ్లాలి, ఆయన బయటికి బయలుదేరేదాకా అక్కడే కూర్చోవాలి.