అవ్వ పసుపు పెట్టిన బాండు పేపరు

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరేముందు వాళ్లిచ్చిన స్టాంపు పేపరును సంతకం కోసం ఇంటికి తెచ్చాను. చదవలేదు. అవ్వ, అంటే మా అమ్మ, దాన్ని పొలం రిజిస్ట్రేషన్ కాగితంలా చూసి, నాలుగు మూలలా పసుపు పెట్టి దేవుని ముందర ఉంచింది. "ఇగ పెట్టు బిడ్డా సంతకం," అంది. బుద్ధిలేనిదాన్ని, పెట్టాను.

ఆరేళ్లు ఐసీయూలో చేశాను. లేవలేని మనుషులను పక్కకు తిప్పడం, వీపు మీద పుండ్లు పడకుండా చూడడం నా పని. అంతలో మంచిర్యాలలో మా బాపుకు పక్షవాతం వచ్చింది. అవ్వ ఒక్కతే ఆయనను తిప్పలేకపోయింది. నేను ఉద్యోగం మానేసి వచ్చేసరికి నడుము కింద అరచేతంత పుండు. పరాయివాళ్ల వీపులన్నీ కాపాడి కన్నతండ్రిని వదిలేశానని తల బాదుకున్నాను.

మా ఇంటికి రెండు వీధుల అవతలి ఆసుపత్రిలో పగటి డ్యూటీ ఇస్తామన్నారు. మధ్యాహ్నం వచ్చి బాపును చూసి పోవచ్చు. చేరడానికి వెళ్లిన రోజు మేనేజరు తన ఫోను నా ముందు పెట్టాడు. నా గురించి అడిగితే కరీంనగర్ వాళ్లు పంపిన బాండు పేపరు ఫొటో. కింద నా సంతకం, మూలల్లో అవ్వ పెట్టిన పసుపు. పని మానేశాక రెండేళ్ల దాకా పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మరే ఆసుపత్రిలోనూ చేయకూడదట. మా మంచిర్యాల పాత ఆదిలాబాద్‌లోదే.

"మీ పని మంచిదేనమ్మా. కానీ వాళ్లతోని మాకు లొల్లి వద్దు," అన్నాడు.

"నేనేమన్న దవాఖాన పెడ్తున్ననా సార్? నర్సును. నన్ను జూసి వాళ్ల పేషెంట్లు గీడికొస్తరా?" అని అరిచాను. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఉద్యోగం ఇవ్వలేదు.

అదే జిల్లాలో ఇచ్చోడ, భైంసా దాకా తిరిగి అడిగాను. అందరిదీ అదే మాట. చివరికి హైదరాబాద్‌లో దొరికింది. నా జీతం లేకపోతే బాపుకు మందులు లేవు.

ఆ కాగితం సంగతి చెప్తే అవ్వ తన వేళ్లు చూసుకుంది. "నేనే పసుపు పెడ్తి గదనే," అంది. నాకు ఏడుపు ఆగలేదు.

బయలుదేరే రోజు పొద్దున అవ్వకు నేర్పించాను. మోకాలు మడవాలి, భుజం కింద చెయ్యి పెట్టాలి, దుప్పటి పట్టి లాగాలి. రెండు గంటలకోసారి. అవ్వ మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి బాపు సగం తిరిగి, మళ్లీ ఆ పుండు మీదే పడ్డాడు.

"నువ్వు పో, బస్సు పోతది," అంది అవ్వ, మళ్లీ దుప్పటి పట్టుకుంటూ.