డెబ్బై వాట్ల లోటు

ఒట్లు వేయడం నాకు అలవాటు లేదు. అంకెలు చెబుతాను, అంతే. ఆ రాత్రి నేను చూసిన ప్రతి అంకెనీ అక్కడికక్కడే పెన్నుతో అరచేతి మీద రాసుకున్నాను. తెల్లారాక ఫోటో కూడా తీశాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం... కానీ ఇది జరిగింది. మాకే జరిగింది.

మేముండేది అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనో ఊళ్ళో. నేను చదివింది బీకాం. కరెంటు గురించి నాకు తెలిసిందంతా మాన్యువళ్ళు చదివి, వీడియోలు చూసి, ఒకటి రెండు షాకులు తిని నేర్చుకున్నదే. నా భార్య వసుధది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేళ్ళ కిందట ఆమెకు నరాల జబ్బు బయటపడింది. ఒళ్ళు వేడెక్కితే చూపు మసకబారుతుంది. ఇంకా వేడెక్కితే కాళ్ళు మాట వినవు. చల్లబడితే మళ్ళీ వస్తాయి... అప్పటివరకూ ప్రతిసారీ వచ్చాయి.

ఆమెకు చుక్కలు చూడాలనిపించింది. ఏ ఊరి వెలుతురూ సోకని చోట, పశ్చిమ టెక్సాస్‌లో. సెలవు దొరికింది మాత్రం జూన్‌లో.

“చలికాలంలో వెళదాం” అన్నాను.

“చలికాలానికి నా కళ్ళు ఎంత పర్సెంట్ ఉంటాయో మీ లెక్కలో ఉందా?”

లేదు. అందుకని ఒక పాత ట్రైలర్ కొన్నాం. కారు వెనక కట్టుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. ఒక మంచం, ఒక పొయ్యి, పైకప్పు మీద ఏసీ. మేం వెళ్ళే చోట కరెంటు ఉండదు. ఏసీ నడవాలంటే జనరేటర్ కావాలి. రాత్రంతా నడవాలి. అది ఆగితే వసుధ చూపు ఆగుతుంది. నేను కొనాల్సిన వస్తువు అది.

నెల రోజులు లెక్క వేశాను. ఏసీకి పన్నెండు వందల యాభై వాట్లు. మొదలయ్యేటప్పుడు దానికి రెండింతలకు పైగా లాగుతుంది, కానీ ఆ దూకుడు తగ్గించే పెట్టె ఒకటి దొరుకుతుంది. అది నేనే బిగించాను. బ్యాటరీ ఛార్జర్‌కి ఇంకో వంద. మొత్తం పదమూడు వందల యాభై. నేను చూసిన చిన్న జనరేటర్ ఆగకుండా పద్దెనిమిది వందలు ఇస్తుంది. అయితే ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలచబడి ఇంజన్ బలం తగ్గుతుంది, వెయ్యి అడుగులకు సుమారు మూడున్నర శాతం. మేం వెళ్ళే చోటు మూడు వేల ఎనిమిది వందల అడుగులు. అంటే చేతికొచ్చేది పదిహేను వందల అరవై. ఖర్చు పోను రెండు వందల పది మిగులు. చాలనుకుని అదే కొన్నాను.

మా వీధిలోనే ఉండే సుధాకర్ దాన్ని చూసి నవ్వాడు.

“ఏంది అన్నా, గీ టిఫిన్ డబ్బాతోని ఏసీ నడుస్తదా? పెద్దది తీస్కో, ఖతం.”

“పెద్దది నలభై ఐదు కిలోలు. నా నడుము ఎంత ఎత్తుతుందో నాకు తెలుసు.”

“నీ నడుం సంగతి వదినకు చెప్పు, నాకెందుకు.”

వసుధ లోపల్నుంచే, “నాకూ వద్దు తమ్ముడూ” అంది.

చివరి ఊరు దాటాక నలభై మైళ్ళు వెళ్ళాం. కంకర దారి చివర చదునైన నేల. మా పికప్ ట్రక్కు, మా ట్రైలర్. కనుచూపు మేరలో ఇంకో దీపం లేదు. జనరేటర్‌ని పాతిక అడుగుల దూరంలో పెట్టాను, పొగ అటువైపు పోయేలా. ట్రైలర్ లోపల విషవాయువును పసిగట్టే అలారం ఉంది. దాన్ని నొక్కి చూశాను, పని చేస్తోంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే... తర్వాత అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే.

పది దాకా వసుధ మెడకు తడి తువ్వాలు చుట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి ఆకాశం చూసింది. తర్వాత లోపలికి వచ్చి పడుకున్నాం. ఏసీ చల్లగా నడుస్తోంది. జనరేటర్ మీద చిన్న తెర ఉంటుంది, ఎన్ని వాట్లు పోతున్నాయో చూపిస్తుంది. పడుకునే ముందు చూశాను. 1350. నా లెక్క నాకు ఎదురుగా కనిపించింది. హాయిగా నిద్రపట్టింది.

ఒంటిగంట నలభైకి మెలకువ వచ్చింది.

నన్ను లేపింది చప్పుడు కాదు... చప్పుడు లేకపోవడం. నెత్తిమీద ఏసీ ఆగిపోయింది. దూరంగా జనరేటర్ మాత్రం నడుస్తోంది. లోపల ఎనభై ఒక డిగ్రీలు, ఫారన్‌హీట్‌లో. బయట ఎనభై ఏడు. ఆ వారమంతా వడగాలులు. వసుధ నిద్రలో ఉంది. టార్చ్ తీసుకుని చప్పుడు కాకుండా బయటికి వెళ్ళాను.

జనరేటర్ మీద ఎర్ర లైటు. మోయలేనంత బరువు పడితే వెలిగేది. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, కరెంటు మాత్రం ఇవ్వదు. దీనికి మందు తేలిక. ఇంజన్ ఆపాను. ట్రైలర్‌కి వెళ్ళే తీగ పీకాను. తాడు లాగి మళ్ళీ స్టార్ట్ చేశాను.

తీగ నా చేతిలోనే ఉంది. జనరేటర్‌కి ఏదీ తగిలించి లేదు. ఇలాంటప్పుడు ఈ రకం ఇంజన్ సద్దుమణిగి సన్నగా మూలుగుతుంది. సద్దుమణిగింది... తెర మీద సున్నా.

తర్వాత దాని గొంతు లేచింది.

మెల్లగా... ఎవరో ఏదో లాగుతున్నట్టు. తెర మీద 280. గొంతు దిగింది. సున్నా. మళ్ళీ లేచింది... 280. మళ్ళీ దిగింది... సున్నా.

వంగి ప్లగ్గు రంధ్రాల్లో టార్చ్ వేసి చూశాను. ఖాళీ. వేలితో తడిమాను. ఖాళీ. వాచీ చూస్తూ లెక్కపెట్టాను. నాలుగు సెకన్లకు ఒకసారి. నిమిషానికి పదిహేను. ఇంకో నిమిషం లెక్కపెట్టాను. పదిహేను. అరచేతి మీద రాసుకున్నాను... 280, 15. రాస్తూ ఉండగా అర్థమైంది, నా ఊపిరి కూడా దానితో పాటే ఆడుతోందని. కావాలని ఆపుకున్నాను. అది ఆగలేదు.

తీగ తగిలించాను. ఏసీ అందుకుంది. 1350... అమ్మయ్య అనుకునేలోపు గొంతు లేచింది. 1630. ఎర్ర లైటు. చీకట్లో కూడిక చేశాను. నా దగ్గరున్నది పదిహేను వందల అరవై. డెబ్బై తక్కువ. ఛార్జర్ ఆపేస్తే వంద మిగులుతుంది కదా అని లోపలికెళ్ళి దాన్ని ఆపి వచ్చాను. ఈసారి తెర మీద 1250... తర్వాత 1630.

అది ఇంకో వంద తీసుకుంది.

మూడోసారి ప్రయత్నించాను. అదే.

“ఏవండీ...” వసుధ పిలిచింది. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉంది. లోపల ఎనభై ఆరు. “లైటు వేశారా?”

ఛార్జర్ ఆపడానికి వచ్చినప్పుడు వేసిన బ్యాటరీ లైటు వెలుగుతూనే ఉంది, ఆమె ముఖం మీదే.

ఎత్తుకున్నాను. మెట్లు దిగి, పికప్ ముందు సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ వేసి, ఏసీ పూర్తిగా తిప్పాను. తడి తువ్వాలు నెత్తిన వేశాను. ఆమె రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుంది.

“ఇందాక బయటికి వెళ్ళారా?”

“వెళ్ళాను.”

“ఎంతసేపు?”

“పదిహేను, ఇరవై నిమిషాలు.”

“మరి నా పక్కన ఊపిరి తీసుకున్నదెవరు?”

నిద్రమత్తులో ఉన్నావు, జనరేటర్ చప్పుడు అలా వినిపించి ఉంటుంది అన్నాను. అదే నిజం కావచ్చు కూడా. “కష్టపడి తీసుకుంటున్నారు” అంది. “మీకు ఒంట్లో బాలేదేమోనని చెయ్యి వేశాను. మంచం ఖాళీగా ఉంది.”

పికప్‌లో పెట్రోలు పావు ట్యాంకు ఉంది. ఊరు నలభై మైళ్ళు. చీకట్లో ఆ కంకర దారిన, చూపు లేని మనిషిని వేసుకుని... వద్దనుకున్నాను. జనరేటర్‌ని పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెడితే ఆ దోషం పోవచ్చు. ఆపి వస్తానన్నాను.

“ఆపకండి” అంది.

“ఆపకపోతే మన ఏసీ నడవదు, వసూ.”

“తెలుసు. అయినా...”

నేను దిగాను.

పెట్రోలు వెళ్ళే వాల్వు తిప్పి మూసేశాను. వెంటనే ఆగదు. లోపల మిగిలింది కాలేదాకా ఒకటి రెండు నిమిషాలు నడుస్తుంది. టార్చ్ ఆర్పి నిలబడ్డాను. లేచింది... దిగింది. నాలుగు సెకన్లు. నాలుగు. తర్వాత ఆరు. తర్వాత తొమ్మిది. ఈసారి లేవదనుకున్నాను... పద్నాలుగుకి లేచింది. సగం దాకా లేచి, వణికి... ఆగింది. తెర ఆరిపోయింది.

నిశ్శబ్దం. నేను లెక్కపెడుతూనే ఉన్నాను, ఎందుకో. ఇరవై. ఇరవై ఐదు. ముప్పై ఒకటి దగ్గర...

ఒక్కసారి. ఇంజన్‌లోంచి కాదు. నాకూ ట్రైలర్‌కీ మధ్య, భుజం ఎత్తులో. ఊపిరి లోపలికి తీసుకున్నది మాత్రమే విన్నాను. వదిలింది వినలేదు.

గంట తర్వాత స్టార్ట్ చేస్తే సున్నా నిలకడగా నిలబడింది. ఛార్జర్ మళ్ళీ వేశాను, ఏసీ తెల్లారేదాకా నడిచింది, 1350. వసుధ కుడికంటి చూపు పొద్దున పదికల్లా వచ్చేసింది. ఎడమకంటిది రావడానికి పదకొండు రోజులు పట్టింది, అదీ పూర్తిగా కాదు. వేడి వల్ల అయితే అంత పట్టకూడదు, జబ్బు ముదిరి ఉండవచ్చు అన్నారు డాక్టర్. ఉండవచ్చు.

రిపేరు షాపులో జనరేటర్‌ని రెండు రోజులు నడిపి చూసి, ఏ లోపమూ లేదన్నారు. ఇంధనంలో నలక పడితే ఇంజన్ అలా లేచి దిగుతుందట. తెర పాడైతే తప్పు అంకె చూపిస్తుందట. నిద్రలో మనిషికి ఏవేవో వినిపిస్తాయట. ఒక్కొక్కటీ ఒప్పుకుంటాను. మూడూ కలిపితే నాకు మొత్తం రావడం లేదు.

పోయిన నెల పెద్దది కొన్నాను. నలభై ఐదు కిలోలు. సుధాకర్ వచ్చి ఓ చెయ్యి వేశాడు. “అప్పుడే చెప్పిన గదా. అయినా లెక్కల మనిషివి, రెండింతలు ఎందుకు తీస్కున్నవ్?” నేను ఏదో చెప్పి తప్పించుకున్నాను.

పెద్దది కొనమన్నది వసుధే. మళ్ళీ వెళ్ళాలట, చూపు ఉండగానే. “ఈసారి అడిగితే ఇవ్వండి” అంది, ఎవరికన్నది చెప్పకుండా.

అదేమిటో నాకు తెలియదు. నా భార్య కళ్ళకూ దాని ఊపిరికీ మధ్య ఆ రాత్రి నా దగ్గర డెబ్బై వాట్లు తక్కువయ్యాయి. నేను వాల్వు తిప్పాను. ఆపింది ఒక యంత్రాన్నే అని... రాత్రిపూట వసుధ నిద్రపోయాక, ఆమె ఊపిరి లెక్కపెడుతూ అనుకుంటాను. ఆమెది నిమిషానికి పన్నెండు. ఎప్పుడైనా పదిహేను వస్తే... మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడతాను.