అలియాస్

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులపై అవనిగడ్డలో జరిగిన న్యాయ విజ్ఞాన సదస్సులో నేను యాభై నిమిషాలు మాట్లాడాను. సభలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఒక్కరే ఉన్నారు. మిగిలినవారు హాజరు కోసం వచ్చిన డిగ్రీ విద్యార్థులు, టీ కోసం వచ్చిన పెద్దలు. ఎవరి హక్కుల గురించి మాట్లాడుతున్నామో వారిని పిలవాలన్న ఆలోచన నిర్వాహకుడికి తట్టలేదు. నిర్వాహకుణ్ణి నేనే కాబట్టి ఈ విషయం కచ్చితంగా చెప్పగలను.

నేను గుడివాడలో జూనియర్ న్యాయవాదిని. మంగినపూడి దగ్గర సముద్రం మీద బతికే కుటుంబం మాది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అంత కష్టపడి చదివిన చదువు నలుగురికీ అర్థమైపోతే దాని విలువ ఏం కావాలన్న భయం నాకెప్పుడూ ఉండేది. అందుకే ఆ రోజు "లింగ అస్తిత్వ స్వయంనిర్ణయాధికారము" అనే మాటను ప్రతి రెండు నిమిషాలకూ ఒకసారి ప్రయోగించాను. ముందు వరుసలోని పెద్దాయన ఒకరు ఆ మాట వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడి లేచి, మళ్ళీ కునుకు తీశారు.

సందేహాలుంటే అడగమన్నప్పుడు చివరి వరుసలోంచి ఆ ఒక్క ట్రాన్స్‌జెండర్ వ్యక్తీ లేచారు. ఆవిడకు ముప్పై అయిదేళ్ళుంటాయి. నేత చీర, గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని ఎర్ర రంగు.

"మీరు చెప్పినవన్నీ నాకున్నాయని ఇవాళే తెలిసిందండీ, చాలా సంతోషం," అన్నారు. "గుర్తింపు కార్డు ఏ కిటికీ దగ్గరిస్తారండీ?"

విద్యార్థులు పెద్దగా నవ్వారు. నాకు జవాబు తెలియదు. తెలియనప్పుడు న్యాయవాది అనవలసిన మాట ఒకటుంది. అదే అన్నాను: "సభ అయ్యాక నన్ను కలవండి."

కలిశారు. పెడనలో కలంకారీ షెడ్డులో పదిహేనేళ్ళుగా గుడ్డ మీద అచ్చులు అద్దుతున్నారు. విజయవాడలో జరిగే చేనేత ప్రదర్శనలో సొంతంగా ఒక స్టాలు పెట్టాలని ఆవిడ కోరిక. "అద్దేది నేనండీ. బోర్డు మీద పేరు మా షెడ్డు షావుకారుది," అన్నారు. స్టాలు కావాలంటే చేతివృత్తి కార్డుండాలి. ఆ కార్డు కావాలంటే ఆధార్‌లో ఆవిడ పేరుండాలి. ఆధార్ మారాలంటే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం, దాంతో వచ్చే గుర్తింపు కార్డు ఉండాలి. స్టాళ్ళకు దరఖాస్తు గడువు నెలన్నరలో ముగుస్తుంది.

"ఇంట్లో, షెడ్డులో, చేపల మార్కెట్లో అందరూ నా పేరుతోనే పిలుస్తారండీ. గవర్నమెంటొక్కటే మిగిలింది."

ఆ పేరు ఇక్కడ రాయను, అది ఆవిడ సొంతం. పాత పేరు రాయనే రాయను. ఒకసారి రాసి చూశాను, చాలు.

గుర్తింపు పత్రానికి కావలసినది ఒక దరఖాస్తు, ఒక్క పేజీ అఫిడవిట్. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునే కుర్రాడెవరైనా పది నిమిషాల్లో చేసిపెడతాడు. ఒక మనిషి జీవితానికి సంబంధించిన పత్రాన్ని పది నిమిషాల్లో ముగించడం నాకు అమర్యాదగా తోచింది. అఫిడవిట్ నేనే తయారు చేస్తానన్నాను. ఒక్క పేజీని నాలుగు పేజీలు చేశాను. మొదటి పేజీలోనే ఆవిడ పాత పేరు రాసి, పక్కన "అలియాస్" అని రాసి, ఆ పక్కన ఇప్పటి పేరు రాశాను. క్రిమినల్ కేసులు చూసే ఆఫీసులో మూడేళ్ళు పనిచేశాక, ఒక మనిషికి రెండు పేర్లు కనబడితే ఆ మాట దానంతటదే వచ్చి మధ్యలో కూర్చుంటుంది.

సంతకం పెట్టేముందు ఆవిడ ఆ మాట మీద వేలు పెట్టారు. "ఇదేంటండీ?"

"ఇరు నామధేయములు ఒకే వ్యక్తివని ధ్రువీకరించు పదమండీ."

"అంటే మంచిదేనా?"

"చాలా భద్రమైనదండీ."

నా మాట నమ్మి సంతకం చేశారు.

మచిలీపట్నంలో ఆ కాగితాలు పరిశీలించే కార్యాలయానికి ఆవిడతో పాటు వెళ్ళాను. అక్కడి గుమాస్తా గారు మర్యాదస్తులు. ఫ్యానును కూడా "ఏవండీ, తిరగరా?" అని అడిగే రకం. అటువంటి మనిషికి ఆవిడను చూడగానే ఏమని పిలవాలో తోచలేదు. "ఏవయ్యా," అన్నారు. తర్వాత "ఏవమ్మా" అన్నారు. చివరికి ఆవిడ గురించి అడగవలసినవన్నీ నన్ను అడగడం మొదలుపెట్టారు.

"డాక్టరు సర్టిఫికెట్ ఏదండీ?"

"ఈ దరఖాస్తుకు అక్కర్లేదండీ. ఆవిడ తన గురించి తాను చెప్పుకుంటే చాలు."

"చెప్పుకుంటే చాలా? అయితే రేపట్నించి నేను కలెక్టర్నని చెప్పుకుంటానండీ."

"చెప్పుకోండి సార్," అన్నారు ఆవిడ. "ఆయనకొచ్చే అర్జీలన్నీ మీరే చదవాలి మరి."

గుమాస్తా గారు నవ్వు ఆపుకొని అఫిడవిట్ తిప్పారు. మొదటి పేజీలోనే ఆయన ముఖం వెలిగింది. అప్పటివరకు ఆయనకు అర్థం కాని వ్యవహారంలో బాగా తెలిసిన మాట ఒకటి దొరికింది.

"అలియాసా? కేసులేవన్నా ఉన్నాయాండీ? పోలీసు రిపోర్టు కావాలి. అది తెస్తే పంపించేస్తాను. ఇందులో ఎలా ఉందో కార్డులో అలాగే వస్తుంది, రెండు పేర్లూనూ."

బయటికి వచ్చాక ఆవిడ మెట్ల మీద కూర్చున్నారు. అలియాస్ అనేది చట్టరీత్యా తటస్థ పదమని, అందులో ఎటువంటి కించపరిచే ఉద్దేశమూ లేదని నేను వివరించాను. ఓపికగా విన్నారు.

"మా వీధిలో సైకిళ్ళెత్తుకుపోయేవాడికుంది అలియాస్, పేపర్లో కూడా వేశారు," అన్నారు. "నాకున్నది పేరండీ. పాతదాన్ని అందరి నోళ్ళలోంచీ తీయించడానికి పదిహేనేళ్ళు పట్టింది. మీరు నాలుగు పేజీల్లో తిరిగి తెచ్చేశారు."

న్యాయశాస్త్రాన్ని అక్కడితో ఆపి, నేనూ ఆవిడ పక్కన మెట్ల మీద కూర్చున్నాను.

మా సీనియర్ గారిని అడిగాను. "ఆ పోలీసు రిపోర్టేదో తెప్పించి పడేయవయ్యా, వారంలో అయిపోద్ది," అన్నారు. దరఖాస్తు వెనక్కి తీసుకొని, ఆ మాట నా పొరపాటని రాసిచ్చి, కొత్తగా వేస్తే ఎలా ఉంటుందన్నాను. ఆయన కళ్ళజోడు తీశారు. "ప్లీడరన్నవాడు తప్పు రాశానని రాసిస్తాడటయ్యా ఎక్కడన్నా? రేపు నీ దగ్గరికెవడొస్తాడు?"

ఈ రెండు దారులూ ఆవిడ ముందు పెట్టాను. రిపోర్టు తెస్తే గడువులోగా కార్డు వస్తుంది, స్టాలు వస్తుంది, కార్డు మీద రెండు పేర్లుంటాయి. కొత్తగా వేస్తే ఈ ఏడాది స్టాలు పోతుంది. ఆలోచించుకొని చెప్పమన్నాను. పెద్దగా ఆలోచించలేదు.

"స్టాలు వచ్చే ఏడాదైనా పెడతానండీ. కార్డు చచ్చేదాకా ఉంటుంది."

ఆ సాయంత్రం వివరణ పత్రం రాయడానికి కూర్చున్నాను. "నా అనవధానత వలన దొర్లిన" అని మొదలుపెట్టి కొట్టేశాను. నాలుగు కాగితాలు పాడయ్యాక మూడు వాక్యాలు మిగిలాయి. "ఆ మాట నేను రాశాను. ఆవిడ రాయమనలేదు. తప్పు నాది." మా అమ్మకు కూడా అర్థమయ్యే తెలుగు నేను చదువు పూర్తయ్యాక రాయడం అదే మొదటిసారి.

గుమాస్తా గారు దాన్ని రెండుసార్లు చదివారు. నా వైపు అనుమానంగా చూశారు. "దీన్ని ఏ ఫైల్లో పెట్టమంటారండీ? ప్లీడరు గారు తప్పొప్పుకున్న కాగితానికి మా దగ్గర ఫైలు లేదు." అయితే కొత్త దరఖాస్తు తీసుకున్నారు. ఒక్క పేజీ అఫిడవిట్. తీసుకుంటూ, ఆవిడ వైపు తిరిగి, కొంచెం తడబడి, "కూర్చోండి," అన్నారు. బహువచనంలో ఆడా మగా తేడా లేదన్న సంగతి ఆయనకప్పుడే గుర్తొచ్చినట్టుంది.

ప్రదర్శన జరిగింది. షావుకారు స్టాలు పెట్టారు, బోర్డు మీద ఆయన పేరే ఉంది. ఆవిడ అద్దిన దుప్పట్లు ఆవిడే మడతలు విప్పి చూపించారు. "ఇవెవరు చేశారు?" అని కొన్నవాళ్ళు అడిగితే షావుకారు "మావేనండీ," అన్నారట.

అది ముగిసిన తొమ్మిదో రోజున కార్డు వచ్చింది. ఆవిడ ఫోన్ చేసేటప్పటికి నేను కోర్టు వరండాలో ఉన్నాను.

"వచ్చిందండీ. ఫొటో అసలు బాగా రాలేదు."

పేరు సంగతి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడే తన పేరు చదివారు, కూడబలుక్కుంటూ, అక్షరం తర్వాత అక్షరం.

"పక్కన ఇంకేం లేదండీ," అన్నారు. "అక్కడితో ఆపేశారు."