తిరువేంగడం తాత ఆదివారాలు

మా తిరువేంగడం తాత ఈ మార్చిలో పోయాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. మద్రాసు రాయపురంలో మా వీధి గోడల మీద కన్నీటి అంజలి పోస్టర్లు అంటించాం. ప్రింటు వేసినవాడు తాత సైన్యంలో పనిచేశాడని విని, ఫొటో వెనకాల ఒక యుద్ధ విమానం కూడా పెట్టాడు. తాత జన్మలో విమానం ఎక్కలేదు. నేల మీద పాకుతూ, శత్రువులు పాతిపెట్టిన మందుపాతరలను ఇనుప చువ్వతో వెతకడం ఆయన పని. ఆ సంగతి ప్రింటరుకు చెప్పాల్సింది నేనే. ఫోన్లో చూసి "బాగుంది, వేసెయ్" అన్నాను. అన్నింటికీ అలా అనేసి పని దులుపుకోవడం నాకు అలవాటు.

ఆయన మా తాతకు తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. డెబ్బై ఒకటి యుద్ధం నుంచి ఎడమ చెవి వినికిడి పోగొట్టుకుని వచ్చి, ఆ తర్వాత హార్బరులో ఉద్యోగం చేసి, రిటైరై మా మేడ మీది గదిలో ఉండేవాడు. అమ్మా నాన్నా పనులకు వెళితే నన్ను పెంచింది ఆయనే. జడలు కూడా ఆయనే వేసేవాడు. ఎంత బిగించేవాడంటే సాయంత్రానికి కూడా ఒక్క వెంట్రుక కదిలేది కాదు, నా కనుబొమలు మాత్రం పైకి లేచి ఉండేవి.

బడికి వెళ్లేటప్పుడు నా సంచి తన భుజానికి తగిలించుకుని ముందు నడిచేవాడు. కార్పొరేషన్ వాళ్లు తవ్వి పూడ్చిన చోటు కనిపిస్తే చాలు, ఆగిపోయి "కొత్త మన్ను తొక్కబాకు పాపా, నా ఎనకాలే రా" అనేవాడు. మద్రాసులో తవ్వని రోడ్డు ఎక్కడుంది? పది నిమిషాల బడికి మేం అరగంట నడిచేవాళ్లం. తోటి పిల్లలు నవ్వేవాళ్లు. తొమ్మిదో తరగతిలో "ఇంక నువ్వు రాబాక తాతా, నాకు సిగ్గుగా ఉంది" అని మొహం మీదే చెప్పేశాను. మర్నాటి నుంచి రాలేదు.

యుద్ధం గురించి ఎవరైనా అడిగితే "ఆడ చలి ఎక్కువ" అనేవాడు, అంతే. అలాంటి మనిషి నిరుడు ఆగస్టులో ఒక ఆదివారం చేపల సంచితో వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పాపా, నీ ఫోన్లో మన మాట పట్టి పెట్టొచ్చు గదా?"

"పట్టొచ్చు తాతా. దేనికి?"

"మేరీకి."

లూర్దుమేరి అక్క చేపల మార్కెట్లో అమ్ముతుంది. తాత ప్రతి ఆదివారం ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా కొనేవాడు కాదు. ఆమె నాన్న ప్రేమ్‌నాథ్, తాత ఒకే వీధివాళ్లు, ఒకే రోజు సైన్యంలో చేరారు. ప్రేమ్‌నాథ్ ఆ యుద్ధంలో పోయాడు. అప్పటికి ఆమె మూడు నెలల బిడ్డ, నాన్న మొహమే ఎరగదు. ఎట్ట పోయినాడని ఆమె ఎన్నిసార్లు అడిగినా, "యుద్ధంలో పోయినాడమ్మా" అని సంచి పట్టుకుని వచ్చేసేవాడట.

"నేను పోయినంక దానికి వినిపించు పాపా. దాని మొగం చూస్తా చెప్పేదానికి నాకు ధైర్యం చాల్లా."

అంటే ఏ పని, ఎవరి కోసం, అంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు.

మొదటి మూడు ఆదివారాలు నిజంగానే రికార్డు చేశాను. తాత నిటారుగా కూర్చుని, కోర్టులో సాక్షిలా ముందు తన నంబరు, ర్యాంకు, పేరు చెప్పి మొదలుపెట్టేవాడు. బెంగళూరు ట్రైనింగు, డ్రిల్లు మాస్టరు మీసాలు, చపాతీలు. మూడు గంటలు చెప్పినా యుద్ధం దాకా రాలేదు. నాలుగో ఆదివారం ఫోన్లో చోటు లేదని వచ్చింది. పోయిన వారమే టి. నగర్ కొట్లలో చీరలకు తీసిన ఫొటోలు రెండు వందలు ఉన్నాయి. కొన్ని తీసేస్తే సరిపోయేది. షోళింగనల్లూరులో నా ఐటీ ఆఫీసు పని ఆదివారం కూడా ఇంట్లోనే నా నెత్తిన ఉంటుంది, ల్యాప్‌టాప్ అప్పటికే మోగుతోంది. ఫోన్ బోర్లా పెట్టాను.

"ఆన్ చేసినావా?"

"చేసినా తాతా."

వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను. ఆ వచ్చే వారం ఆరు నెలలు రాలేదు. చిన్న ఫోన్లోంచి వచ్చే గొంతు తాత చెవికి ఆనదు కాబట్టి ఏదీ పెట్టి వినిపించమని అడగలేదు. నేను ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మీటింగు వింటూ, మధ్యలో "ఊఁ" కొట్టేదాన్ని. మీటింగులో కూడా అలాగే కొట్టేదాన్ని, అది వేరే సంగతి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మాత్రం నాకు బాగా గుర్తుంది. గుర్తున్నది కూడా సగమే. పొగమంచు, గోధుమ చేలు. మందుపాతరలు లేవని చూసిన దారికి రెండు వైపులా తెల్ల టేపు కడతారట. ఆ టేపు నమ్మి మిగతావాళ్లు మధ్యలో నడుస్తారు. ప్రేమ్‌నాథ్ కూడా నడిచాడు. అక్కడ తాత ఆగాడు. "నేనే..." అన్నాడు. సరిగ్గా అప్పుడే ఇయర్‌ఫోన్లో నన్ను పేరు పెట్టి పిలిచారు. బదులు చెప్పి తిరిగి చూసేసరికి తాత కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"అంతే పాపా. అంతా పడిందా?"

మళ్లీ చెప్పు తాతా అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. ఆ మొహం చూసి అడగడానికి నోరు రాలేదు. ఇన్నాళ్లూ ఏమీ పడలేదని చెప్పడానికి అసలే రాలేదు.

"పడింది తాతా" అన్నాను.

ఆయన నా తల మీద చేయి వేసి, కింద అమ్మ దగ్గరికి వెళ్లి ఇంకో గరిటె పులుసు అడిగి తిన్నాడు. మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాడు. నెల తిరగకుండా గుండెపోటుతో పోయాడు.

పదహారో రోజు కర్మ అయ్యాక, వచ్చినవాళ్లు భోజనాలు చేసి వెళ్తున్నప్పుడు లూర్దుమేరి అక్క వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. తాత ఫొటో ముందు పూలు పెట్టి, నా పక్కన చాప మీద కూర్చుంది.

"నాకోసరం ఏందో చెప్పి పెట్టినాడంట గదా పాపా. పోయేదానికి వారం ముందు నాకాడికొచ్చి చెప్పినాడు. ఇప్పుడు వింటే తప్పా?"

అమ్మ వంటింట్లోంచి నా వైపు చూసింది. నేను ముందురోజే ఏడ్చి అమ్మకు అంతా చెప్పాను. "ఫోను రిపేరులో ఉండాదమ్మా" అంది అమ్మ. ఫోను నా చేతిలోనే ఉంది. సిగ్గుతో తల తీసేసినట్టయింది.

ఉన్న మూడూ పెట్టాను. తాత గొంతు వినగానే ఆమె చెంగు సర్దుకుని ముందుకు వంగింది. మొదటి గంటంతా చపాతీలే. ఒకచోట తాత, ప్రేమ్‌నాథ్‌కు చపాతీ గొంతు దిగక రాత్రిపూట చేపల పులుసని కలవరించేవాడని చెప్పి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ ముక్క మళ్లీ పెట్టమంది. మూడుసార్లు విన్నది. మూడోది అయిపోయాక కూడా ఫోను వైపే చూస్తూ కూర్చుంది.

"తర్వాతది పెట్టు పాపా."

"లేదక్కా."

"ఏంది లేదు?"

చెప్పాను. చోటు లేదన్నది, చీరల ఫొటోలు, బోర్లా పెట్టిన ఫోను, అన్నీ చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆమె తన గాజులు తిప్పుకుంది.

"పోనీ, నీ చెవిలో పడింది చెప్పు."

పొగమంచు చెప్పాను, తెల్ల టేపు చెప్పాను, మీ నాన్న నడిచాడని చెప్పాను. "తర్వాత తాత 'నేనే' అన్నాడు" అన్నాను.

"నేనే అంటే?"

'ఆ టేపు కట్టింది నేనే' అని తాత అని ఉండొచ్చు. ముప్పై ఏళ్లు ఒకే ఆడమనిషి దగ్గర చేపలు కొని, ఆమె మొహం చూసి చెప్పలేకపోయిన మనిషి ఇంకేం చెప్పి ఉంటాడు? నాకు అదే తోచింది. ఆమెకు ఇంకోటి తోచింది.

"నేనే పోవాల్సింది, ప్రేమ్‌నాథ్ బతకాల్సింది... అన్నాడా పాపా?"

ఆమె నా నోటి వైపే చూస్తోంది. తెలీదక్కా, నాకు వినపడలేదు అనాలి. అనడానికే నోరు తెరిచాను.

"అవునక్కా. అదే అన్నాడు."

లూర్దుమేరి అక్క ముఖానికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత లేచి తాత ఫొటో ముందు సిలువ గుర్తు వేసుకుంది. "ఇంత మంచోడు, ఈ ఒక్క మాట నాతో చెప్పేదానికి అంత భయపడినాడే" అని, కళ్లు తుడుచుకుని వాకిలి మెట్లు దిగింది.

తాత ఏం చెప్పాడో ఇంక ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆమె తను తెచ్చుకున్న మాటనే తిరిగి ఇంటికి తీసుకెళ్లింది.