ఫ్రిజ్ తలుపు తెరిచిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో పుస్తకంలో ఉన్నదంతా పరీక్షల కోసమేనని, ఇంట్లో జరిగేదానికీ దానికీ ఏ సంబంధమూ లేదని నాకు గట్టి నమ్మకం. ప్రొద్దుటూరులో ఇంటర్ చదువుతూ సెలవులకు జమ్మలమడుగులో ఇంటికి వచ్చాను. మా సందులో నాలుగిళ్లకు కలిపి ఫ్రిజ్ మా ఇంట్లోదొక్కటే. అందులో మాకే చోటుండేది కాదు (అమ్మ తన పెరుగుగిన్నె కూడా అడిగి పెట్టుకోవలసిందే). పక్కింటివాళ్ల దోసెపిండి, వెనకింటివాళ్ల మామిడిముక్కలు, అన్నిటికన్నా పైన ఎదురింటి బూబమ్మవ్వ చక్కెర జబ్బు సూదిమందు అట్టపెట్టె. దాని జోలికి పోతే అవ్వ పానానికే మోసమని అమ్మ రోజూ హెచ్చరించేది.

ఒక మధ్యాహ్నం అమ్మ చక్రాయపేటలో పెండ్లికి వెళ్లింది. ఉష్ణగతిశాస్త్రం పాఠం ముందేసుకుని నేను చెమటలు కక్కుతున్నాను. ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. అప్పుడొక మహా ఆలోచన వచ్చింది. వంటింటి తలుపు, కిటికీ మూసి, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, దాని ముందు చాప పరుచుకున్నాను. పది నిమిషాలు స్వర్గం. ఆ తర్వాత నిద్ర.

లేచేసరికి గది కుంపటిలా ఉంది. ఫ్రిజ్ రొద పెడుతోంది. దాని వెనక చెయ్యి పెడితే చుర్రుమంది. తెరిచిన పేజీలోనే ఉంది: ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని తోడి బయట పోస్తుంది, తోడడానికి వాడిన కరెంటు కూడా చివరికి వేడే అవుతుంది. ఆ వాక్యం కింద ఎర్రగీత కూడా నేనే గీశాను (అర్థమై కాదు, ముఖ్యమని సార్ చెప్పినందుకు).

మందు పెట్టె ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. నా కాళ్లు మాత్రం చల్లబడ్డాయి. తలుపు మూసేస్తే గంటలో అన్నీ మళ్లీ చల్లబడతాయి, ఎవరికీ తెలియదు. కానీ చల్లబడినంత మాత్రాన చెడిన మందు బాగవుతుందా? తెలియక అవ్వ అదే పొడుచుకుంటే? తొండూరులో పిన్నమ్మ ఇంటికి పారిపోదామనుకున్నాను. చివరికి పెట్టె పట్టుకుని ఎదురింటి గడప ఎక్కాను.

"ఏందిమే, అట్ల వణుకుతాండావు?" అంది అవ్వ.

ఏడుస్తూ అంతా చెప్పి, ఆ సూది వేసుకోవద్దని కాళ్లు పట్టుకోబోయాను. అవ్వ పెట్టె అందుకుని మూత తీసింది. లోపల నిండుగా విచ్చుకున్న మల్లెపూలు.

"మందు నా కాడనే ఉండాది. మాటిమాటికీ కరెంటు పోతాంటే మీ ఫ్రిజ్‌ను నమ్ముకోని బతుకుతానా? తడిగుడ్డ కప్పిన కుండలో పెట్టుకుంటి. ఈ పెట్టెలో అయితే మొగ్గలు ఎవురూ ముట్టరని పెడ్తి."

నవ్వుతూ ఆ పూలు నా జడలోనే తురిమింది.

ఇప్పుడు పులివెందులలో, నా రెండేళ్ల కూతురి ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, అందరూ పడుకున్నాక కూడా నుదుటి మీద చెయ్యి వేసి కూర్చుంటాను. తాకి ఉన్న రెండు వస్తువులు కాసేపటికి ఒకే వేడికి వస్తాయని చదువుకున్నదాన్నే. అయినా చెయ్యి తీయను. ఆ వేడి దానిదో నాదో తేల్చుకోలేను. థర్మామీటర్ ఉంది కదా అంటారు మా ఆయన. ఉంది, మూడుసార్లు చూశాను. ఫ్రిజ్ ముందు చాప వేసిన ఆ పిల్ల ఒక్క సాయంత్రమే భయపడింది, అదృష్టవంతురాలు. దాన్ని తలుచుకుని నవ్వుకుంటూనే, ఇంకొక్కసారి నుదురు తాకి చూస్తాను.