రెండు చోట్లా చూపించుకున్న భుజం

నౌపడ దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్పే రోజుల్లో నా కుడి భుజం పట్టేసింది. పడలేదు, దెబ్బ తగల్లేదు. మొదట చీరకి పిన్ను పెట్టుకుంటుంటే చురుక్కుమంది. రెండు నెలలు తిరిగేసరికి చెయ్యి భుజం ఎత్తు దాటి లేవడం మానేసింది. నల్లబల్ల కింది సగంలోనే రాసేదాన్ని. వెనక బెంచీ పిల్లలు లేచి నిలబడి చూసి రాసుకునేవారు. ఇంట్లో జుట్టు ముడి కూడా మా బావ చేతే పెట్టించుకోవలసి వచ్చింది. బావ అంటే మేనత్త కొడుకు, నా భర్త. వ్యవసాయం చేస్తాడు. ధాన్యం బస్తా మూతి కట్టినట్టు నా జుట్టు బిగించి కట్టి, "సాలా, ఇంకా బిగించాలేటి?" అనేవాడు.

శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూశారు. షుగరు ఉందా అని అడిగారు. ఉందన్నాను. "ఎముక బాగానే ఉంది. కీలు బిగుసుకుపోయింది. ఫిజియోథెరపీ చేయించుకోండి" అన్నారు. ఎక్కడ చేయించుకోమంటారని అడిగితే, "మీకు దగ్గర్లో ఎక్కడైనా" అన్నారు. అప్పటికే తర్వాతి పేషంటు తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు.

ఎక్కడైనా అంటే ఎక్కడో నాకు అర్థం కాలేదు. మాత్ర అయితే పేరుంటుంది, ఏ షాపులో కొన్నా అదే మాత్ర. మనిషి చేతిలో ఉన్న వైద్యానికి ఎవరు మంచివారో ఎలా తెలుస్తుంది? వాట్సాప్ అందరి ఫోన్లలోకీ వస్తున్న కాలం అది. మా స్టాఫ్‌రూములో ఒకరు నూనె రాసి గట్టిగా లాగమనే వీడియో పంపారు. ఇంకొకరు కీలు అసలు కదపొద్దనే వీడియో పంపారు. రెండూ వరసగా చూసి, ఫోను పక్కన పెట్టేశాను.

దగ్గర కదా అని ముందు టెక్కలి వెళ్ళాం. అక్కడి ఫిజియోథెరపిస్టు నడివయసు మనిషి, మాట మెత్తన. గదినిండా మెషీన్లు. మగమనిషి ముందు భుజం మీద కొంగు తీయడానికి నేను తటపటాయిస్తుంటే, ఆయనే తెర లాగి, మా బావకి లోపల కుర్చీ వేయించారు. అది నాకు నచ్చింది. చల్లటి రబ్బరు పట్టీలు అంటించి కరెంటు పెడితే, భుజం లోపల చీమలు బారు కట్టినట్టుండేది. "మెడలో నరం నొక్కుకుందమ్మా. పది రోజులు వరసగా రండి, తేలికైపోతాది" అన్నారు.

డాక్టరు భుజం అన్నారు, ఈయన మెడ అంటున్నారు. అడుగుదామనుకుని అడగలేకపోయాను. పది రోజులూ వెళ్ళాను. ఇంటికొచ్చాక రెండు మూడు గంటలు నొప్పి తెలిసేది కాదు. చెయ్యి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆయన మరో పది రోజులు రమ్మన్నారు.

అప్పుడు మా సైన్సు టీచరు, శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేసే ఒకావిడ ఉందని చెప్పింది. ఒక శనివారం సెలవు పెట్టి పాసింజర్లో ఆమదాలవలస దిగి, ఆటోలో వెళ్ళాం. మేడమీద చిన్న గది. మెషీను ఒకటే, దానిమీద గుడ్డ కప్పి ఉంది. తలుపు పైన బిగించిన కప్పీకి తాడు వేలాడుతోంది. గోడమీద పెయింటుతో నిచ్చెన మెట్లు గీసి ఉన్నాయి. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. అరగంట ప్రశ్నలే అడిగింది. ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, వీపు వెనక్కి చెయ్యి ఎంతవరకు వెళ్తుంది, షుగరు ఎంతుంటోంది. మెడ అటూ ఇటూ తిప్పించి చూసింది. కోణమానినిలాంటి ప్లాస్టిక్ స్కేలు పెట్టి, చెయ్యి ఎంత లేస్తోందో కొలిచి రాసుకుంది.

"ఇది మెడ కాదండి, భుజమే" అంది.

"ఎన్నాళ్ళకి తగ్గుతుందమ్మా?"

"నెలలు పడతాది. ఏడాదైనా పట్టొచ్చు. ఫలానా రోజుకని నేను సెప్పలేను."

తాడు పట్టుకుని లాగడం, గోడమీద వేళ్ళతో మెట్టు మెట్టు ఎక్కడం నేర్పింది. రోజుకి మూడుసార్లు ఇంట్లో చేసుకుని, పది రోజుల తర్వాత రమ్మంది. మెట్లు దిగుతుంటే మా బావ, "ఇదేటి వైద్యం? తాడు మనింట్లో లేదేటి? టెక్కలాయన పది రోజుల్లో తగ్గిపోతాదన్నాడు, ఈవిడ ఏడాదంటాది. ఎవుల మాట నమ్ముతాం?" అన్నాడు. నాకూ అదే అనిపించింది. ధైర్యం చెప్పినాయన దగ్గర చెయ్యి లేవలేదు. ఈమె ధైర్యమే చెప్పలేదు.

తేల్చుకోలేక రెండూ చేశాను. పొద్దున్న ఇంట్లో తాడు, బడి అయ్యాక టెక్కలిలో కరెంటు. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. నొప్పి కాస్త తగ్గితే ఎవరివల్లో తెలిసేది కాదు. ఎక్కువైతే ఎవర్ని తప్పుపట్టాలో తెలిసేది కాదు.

రెండోసారి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు బెంచీ మీద నా పక్కన ఒక చేపలమ్మే ఆవిడ కూర్చుంది. సముద్రం ఒడ్డు ఊరావిడ. గంప దించుతుంటే భుజం పట్టేసిందట. ఇప్పుడు చెయ్యి నెత్తిమీదాకా ఎత్తి చూపించింది. పోనీ, ఇక్కడ వైద్యం చేయించుకున్న మనిషి దొరికింది కదా అని, ఈ అమ్మాయి మంచిదేనా అని అడిగాను.

"మంచిదే. ఉన్న మాట సెప్తాది. సేతులు నొప్పెట్టీదాకా సేయిస్తాది" అంది.

"టెక్కలిలో ఒకాయన ఉన్నారు, ఆయన..."

"ఆయనా మంచోడే తల్లీ. పోయినేడు నా నడుం ఆయనే బాగుసేసినాడు."

నా సందేహం మళ్ళీ మొదటికొచ్చింది.

లోపల ఆ అమ్మాయి నా భుజం చూసి ఆగింది. రబ్బరు పట్టీల గుర్తులు ఎర్రగా కనబడుతున్నాయి. "వేరే దగ్గరికి కూడా వెళ్తన్నారా?" అంది. లేదన్నాను. పిల్లలు హోంవర్కు చేయకుండా చేశామని చెప్పేటప్పుడు వాళ్ళ మొహం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నా మొహం అలాగే ఉండి ఉంటుంది. కాసేపటికి నిజం చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను.

"నొప్పి తగ్గుతుంటే మంచిదేనండి. తప్పేం లేదు" అంది. "కానీ రెండూ కలిపి సేస్తే ఏది పనికొస్తందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. మళ్ళీ వచ్చేదాకా ఒకటే సెయ్యండి. నాదే సెయ్యమనట్లేదు. ఏదో ఒకటి. వచ్చాక కొలుద్దాం."

అంతకుముందు ఎవరూ ఆ ఎంపిక నా చేతికి ఇవ్వలేదు. ఇచ్చేసరికి నాకు భయమేసింది. తిరుగు రైల్లో తిలారు స్టేషను దాటేదాకా రెండు వైద్యాలూ మనసులో తూచుకున్నాను. నౌపడ ఉప్పుమళ్ళు కనబడుతుండగా, "తాడే చేద్దాం బావా. చెయ్యి లేవాలి గానీ, మూడు గంటలు నొప్పి లేకపోతే ఏం లాభం?" అన్నాను. ఆయన బయటికి చూస్తూ, "నీ సెయ్యి, నీ ఇష్టం" అన్నాడు.

ఆ పది రోజులూ నొప్పి పెరిగింది. రెండుసార్లు టెక్కలి బస్సు ఎక్కబోయి ఆగిపోయాను. తాడు లాగుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చేవి. మళ్ళీ వెళ్ళి కొలిపించుకుంటే చెయ్యి ఇదివరకటికన్నా కొంచెం ఎక్కువ లేచింది. కొంచెమే. ఆమె స్కేలు నాకే చూపించింది. పొగడలేదు. "నొప్పి మరీ ఎక్కువైన రోజు తగ్గించి సెయ్యండి, మానొద్దు" అంది. ఆ రోజునుంచి ఆమె దగ్గరే ఉండిపోయాను.

తొమ్మిది నెలలకి చెయ్యి దాదాపు పూర్తిగా లేచింది. చివరిసారి వెళ్ళినప్పుడు, ఇదంతా నీ చలవే అన్నాను. "ఈ జబ్బు కొందరికి దానంతటదే కూడా వదుల్తాదండి. నా వల్ల ఎంతో, కాలం వల్ల ఎంతో నేను సెప్పలేను" అంది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా బావ నవ్వాడు. "టెక్కలాయన పెట్టిన కరెంటే అప్పుడు పని మొదలెట్టి, ఇప్పటికి గుణం సూపించినాది" అన్నాడు. ఆయన ఇప్పటికీ ఆ మాటమీదే ఉన్నాడు.

ఆ తర్వాత మా ఆడపడుచుకి మోకాలు నొప్పి వచ్చింది. బావ టెక్కలి అన్నాడు, నేను శ్రీకాకుళం అన్నాను. ఆవిడ ఇద్దరి మొహాలూ చూసి, "మీరిద్దరూ ఒక మాట అనుకోండి ముందు" అంది. ఏం చూసి ఎంచుకోవాలో వివరంగా చెబుదామని మొదలుపెట్టాను. నిజం చెప్పడం, కొలవడం, ఇంటి దగ్గర చేసుకోవడానికి నేర్పడం అని మూడు మాటలు చెప్పాక, తెర లాగి కుర్చీ వేయించిన టెక్కలాయన గుర్తొచ్చారు. ఆయన్ని చెడ్డవాడనడానికి నోరు రాలేదు. రెండు ఫోన్ నంబర్లూ కాగితం మీద రాసి ఆవిడ చేతికిచ్చాను.